పరభాషను నేర్చుట యెందులకు?

ఒకరి భాషను మరియొకరు నేర్చుట సుగుణమని మనమందరము చిన్ననాటినుండి వినుచున్నాము. ఎన్ని భాషలు వచ్చిన అంత మేలని పెద్దలు చెప్పుదురు. ఆ మాటలో నిజము లేకపోలేదు. కాని నేర్చుట యెందులకు అను ప్రశ్నను మాత్రము సాధారణముగా ఎవరును వేయరు. వేటగాడును పిట్టకూతను నేర్చును. పొదచాటున కూర్చుండి కౌజుకూతను అచ్చముగా కూయగల నేర్పరులు మన కొండపట్టున వెనుకటి దినములలో ఉండెడివారు. వారి కంఠములోని నేర్పును మెచ్చుకొనవచ్చును గాని, వారికి పక్షులయందు గౌరవము మెండని ఎవడును అనడు. వారు కూత నేర్చినది పక్షిని వలలోనికి రప్పించుకొనుటకే గదా!

అట్లయిన, తన మతమును బోధింపవలెనని దూరదేశమునుండి వచ్చి, ఒక జనసమూహము మాటాడు భాషను ఏండ్లతరబడి నేర్చి, దానికి వ్యాకరణము వ్రాసి, తన వేదగ్రంథమును ఆ భాషలోనికి తెచ్చినవానిని ఏమనవలెను? అతడు వేటగాడా, విద్యార్థియా? అతని శ్రమను కొనియాడువారు అతని ఉద్దేశమును మరతురు. ఉద్దేశమును నిందించువారు శ్రమను మరతురు. రెండింటిని ఒకచోట నుంచి చూచుట కొంచెము కష్టము. అయినను చూడవలసియున్నది.

నారాయణపట్నములో కాపురమున్న తెలుగు కుటుంబములకు ఇది పుస్తకములలోని ప్రశ్న కాదు. ఝంఝావతి నీరు త్రాగి, ఒకప్పుడు జయపుర ప్రభువులకు రాజధానియై వెలసిన ఈ యూరిలో మూడు భాషలు ప్రక్కప్రక్కనే బ్రతుకుచున్నవి. కచేరీలలోను బడులలోను ఒడియా, మన యిండ్లలో తెలుగు, చుట్టునున్న కొండపల్లెలలో కోదుల కువి. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము వేరుపడువరకు ఈ సీమయంతయు చెన్నరాజధానిలోని విశాఖపట్టణము జిల్లాలో చేరియుండెను. సాలూరు, పార్వతీపురము వైపునుండి ఉప్పు, గుడ్డ, ఎండుచేప కొండలెక్కి వచ్చుచుండెను. చింతపండు, పసుపు, వలిసెలు, కరక్కాయలు క్రిందికి దిగుచుండెను. సరకులతోపాటు మనుష్యులును ఎక్కుచు దిగుచు నుండిరి. అట్లు ఎక్కి నిలిచిపోయినవారి సంతతియే మనలో పెక్కుమంది. కాబట్టి ఇచ్చటి కొండవారి భాషను బయటివారు నేర్చిన కథలో పాదిరి యొక్కడే లేడు. వర్తకుడు కలడు, అధికారి కలడు. మన కథయు అందులో కలదు. ముందు పాదిరిని గూర్చి చెప్పి, తరువాత మనలను గూర్చి చెప్పెదను.

తెలుగున బైబిలును అచ్చువేయు యత్నము మన సీమకు సమీపముననే, విశాఖపట్టణముననే, గట్టిగా మొదలైనది. అంతకుముందు, 18వ శతాబ్ది పూర్వార్ధమున, చెన్నపట్టణములో నుండిన జర్మను పాదిరి బెంజమిన్ షుల్ట్జ్ తెలుగు అనువాదము నొకదానిని వ్రాసెను గాని అది అచ్చునకు నోచుకొనలేదు. 1805లో లండను మిషనరీ సొసైటీవారు పంపగా జార్జి క్రాన్, అగస్టస్ డిగ్రాంజస్ అను నిద్దరు విశాఖపట్టణమునకు వచ్చిరి. క్రాన్ 1809లో చనిపోయెను. డిగ్రాంజస్ 1810లో చనిపోయెను. వచ్చి ఐదేండ్లు నిండిన కొలదికాలమునకే ఇద్దరును లేరు. డిగ్రాంజస్ ముగించిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరామపురమున అచ్చయినవి. వ్రాసినవాడు వానిని అచ్చులో చూడలేదు. ఆ సంవత్సరమే మార్చి 11వ తేదీన శ్రీరామపురపు ముద్రణశాల కాలిపోగా, విలియం కేరీ సిద్ధపరచుకొన్న తెలుగు వ్యాకరణపు వ్రాతప్రతియు అందులో బూడిదయైనది. ఆయన మరల కూర్చి 1814లో ప్రకటించెను. విశాఖపట్టణమున డిగ్రాంజస్ పనిని ఎత్తుకొన్న ఎడ్వర్డు ప్రిచెట్ క్రొత్తనిబంధనను ముగింపగా అది 1818లో చెన్నపట్టణమున వెలువడెను; అదే యేట కేరీ తెలుగు క్రొత్తనిబంధనయు శ్రీరామపురమున వెలువడెను. రెండేండ్లకు, అనగా 1820లో, ప్రిచెట్టును కన్నుమూసెను.

ఇంతలేసి మరణములను వరుసగా చదివినప్పుడు మనస్సు కరగును. తరువాత మన కొండలకు వచ్చిన జర్మనుల కథయు ఇట్టిదే. ఉత్తర జర్మనీలో, సముద్రపు చలిగాలి వీచు ష్లెస్విగ్-హోల్‌స్టైన్ సీమలో, బ్రెక్లుం అను పల్లెకు పాదిరియైన క్రిస్టియన్ యెన్సెన్ 1876లో ఒక మిషనును స్థాపించెను. దాని పక్షమున మొదటివారు 1882లో జయపురపు సీమకు వచ్చిరి. సాలూరు, కోరాపుట్టు, కోట్‌పాడు, జయపురము, నవరంగపురము, పార్వతీపురములలో క్రమముగా వారి మఠములు వెలసినవి. మన్యపు జ్వరమునకు పేరుపడిన కొండలివి. ఆ జ్వరము దోమవలన వచ్చునని వారు వచ్చినపుడు లోకములో ఎవరికిని తెలియదు; రొనాల్డు రాస్ సికిందరాబాదులో దోమ కడుపులోని జ్వరబీజమును కనుగొన్నది 1897 ఆగస్టులో. అంతవరకు అది చెడుగాలివలననో, అడవినీటివలననో వచ్చునని యనుకొనుచుండిరి. వేసవిలో ఇంటి పైకప్పు నిప్పులు చెరుగును. వానకాలమున పుస్తకములకు బూజు పట్టును, చెద తగులును. వానలు వెనుకబట్టగనే జ్వరము వచ్చును. చేతిలో కొయినా మాత్ర తప్ప మందు లేదు.

అయినను ఒక మాట చెప్పక తప్పదు. కష్టపడినంత మాత్రమున పని ధర్మమైనదని రుజువు కాదు. దొంగవాడును వానలో తడియును. పైగా ఆ జ్వరము పాదిరిని మాత్రమే పట్టలేదు. ఆ కొండలలోనే పుట్టి ఆ జ్వరముతోనే పోయిన కోదుల పసిబిడ్డలకు పేరు చెక్కిన రాళ్లు లేవు. సాలూరునుండి ఎడ్లబండ్లతో ఎక్కి వచ్చి ఈ లోయలలో నేలకొరిగిన మన బండివాండ్రకును లేవు. మిషను చరిత్రలు మరణములను లెక్కవేసి త్యాగమని చూపును. త్యాగము కావచ్చును, కాని అది మన ప్రశ్నకు జవాబు కాదు. పాదిరియొక్క గొప్పతనమో లోపమో అతని జ్వరములో లేదు. అతడు ఉదయమున బల్లముందు కూర్చుండి, ఎదుటనున్న మనిషిని మాట అడుగుచున్నప్పుడు జరిగినదానిలో ఉన్నది.

ఆ యెదుటి మనిషి యెవరు? విశాఖపట్టణములో డిగ్రాంజస్‌కు తోడ్పడిన ఆనందరాయరు అను బ్రాహ్మణుని పేరు నిలిచినది. అతడు క్రైస్తవమును స్వీకరించినవాడు గనుక మిషనువారు ఆ పేరును పదిలపరచిరి. తక్కిన చోట్ల ఇట్టివారు మున్షీ, పండితుడు, సహాయకుడు అను సామాన్యనామములలో మునిగిపోయిరి. కువి విషయమున ఈ మరపు మరింత గాఢము. సాలూరు మిషనునకు చెందిన ఎఫ్. వి. పి. షుల్జ్ 1911లో చెన్నపట్టణమున కువిభాషా వ్యాకరణమును, 1913లో పదకోశమును అచ్చువేయించెను. ఆ 1913లోనే ఫిట్జ్‌జెరాల్డు అను మరియొకరు వ్రాసిన కువి గ్రంథము కలకత్తాలో వెలువడెను. తరువాత కువిలో వేదభాగములును వచ్చినవి. గ్రంథముల ముఖపత్రములపై దొరల పేర్లున్నవి. ఇది ఇల్లు, ఇది కన్ను, ఇది చేయి అని వ్రేలితో చూపి చెప్పి, తప్పు పలికిన నవ్వి, మరల పలికించినవారి పేర్లు లేవు. వాస్తవమున గురువులు వారే.

అనువాదకునికి గురువు ఎంత యవసరమో ఒక చిన్న మాటతో చూపవచ్చును. మనకు 'మేము' వేరు, 'మనము' వేరు. వినువానిని విడిచి చెప్పునది మేము. కలుపుకొని చెప్పునది మనము. ఈ భేదము గ్రీకుభాషలో లేదు, ఇంగ్లీషులో లేదు, జర్మనులో లేదు. తెలుగునకు దగ్గరి చుట్టమైన కువిలో కలదు. సువార్తలలో ఒక ఘట్టమున్నది: చెరువులో తుఫాను లేచినది, పడవలోనికి అలలు కొట్టుచున్నవి, యేసు వెనుకతట్టున నిద్రించుచున్నాడు, శిష్యులు ఆయనను లేపి, నశించుచున్నామని మొరపెట్టుకొనిరి. వారన్నది మేమా, మనమా? 'మేము' అన్నచో ఆయనకు అపాయము లేదని వారు నమ్మిరని అర్థము; 'మనము' అన్నచో ఆయనయు తమతోపాటే మునుగునని భయపడిరని అర్థము. మూలము ఏమియు చెప్పదు. ప్రచారములో నున్న తెలుగు బైబిలు మార్కు సువార్తలో 'మేము' అని నిర్ణయించినది. శిష్యుల విశ్వాసమెంతయో, భయమెంతయో ఒక సర్వనామములో తేలవలసివచ్చినది. దేవుని ఉద్దేశించి చేయు ప్రార్థనలో 'మా తండ్రి' యనక 'మన తండ్రి' యన్నచో దేవునికిని ఒక తండ్రిని కల్పించినట్లగును! జర్మనీలో వేదాంతశాస్త్రము నెంత చదివినను ఈ చిక్కు కనబడదు. చింతచెట్టు క్రింద కూర్చున్న కోదువాడు, అక్షరము తెలియనివాడు, దీనిని క్షణములో చెప్పగలడు. ఝంఝావతి పొంగినపుడు ఒడ్డుననున్న వానిని పిలుచుచు నీటిలోనివాడు ఏమని కేకవేయునో అతనికి తెలియును.

మరియొక మాట. కోదులు తమ దేవతలను 'పేను' అందురు. గోండుల 'పెన్' అనునదియు ఇదియు ఒకటే. మన చెవికి ఆ మాట తలలోని పురుగును జ్ఞప్తికి తెచ్చును. తెలుగువాడు మొదటిసారి వినగనే నవ్వును. ఆ నవ్వు చిన్నదే గాని దానితో తలుపు మూసికొనును. పాదిరికి నవ్వు రాదు గాని అతని సంకటము వేరు. తన దేవునికి ఈ మాటను వాడవలెనా? వాడినచో భూమికి, కొండకు, ఊరికి బలులందుకొను దేవతలందరును ఆ మాటలో వచ్చి కూర్చుందురు. వాడక ఒడియానుండియో తెలుగునుండియో మాట తెచ్చినచో, దేవుడు సంతకు వచ్చిన షావుకారువలె పరాయివాడగును. ఏ మాట ఎన్నుకొన్నను నష్టమున్నది. ఆ నష్టమెంతయో తెలిసికొనవలెనన్న, కోదులు తమ పేనులను గూర్చి చెప్పుకొనునదంతయు ఓర్పుతో వినవలెను. తప్పని చెప్పవచ్చినవాడు తప్పనదలచినదానినే సాంతముగా వినవలసివచ్చును. ఈ వినుటలో అతడు ఎంతో కొంత మారకుండ నుండుట అసాధ్యమని నా తలంపు.

వేటగానికిని ఇతనికిని భేద మిచ్చట కనబడుచున్నది. వేటగాడు తన కూత సరిగానున్నదా యని పక్షి నడుగడు. పక్షి వలలో పడినచో కూత సరియైనట్లే. అనువాదకుడు అడుగక తీరదు. అడిగినప్పుడెల్ల అతనికి వినవచ్చు జవాబు చాలమారులు ఒక్కటే: మేము అట్లు అనము. ఆ 'మేము'లో అతడు లేడు. వచ్చి ఇరువదియేండ్లయినను, ఊరంతయు దొరా యని దండము పెట్టుచున్నను, ఆ వాక్యము వినబడగనే అతడు దిద్దుకొనవలసిన పిల్లవాడగును. దిద్దుకొనువాడు విద్యార్థి. దిద్దుకొనక తన మాటనే చలామణి చేయువాడు, సంవత్సరాంతమున తలలు లెక్కపెట్టుకొనువాడు, వేటగాడు. మిషనులలో ఇరుతెగలవారును ఉండిరి. నిజము చెప్పవలెనన్న, ఒకే మనిషి ఉదయమున విద్యార్థిగాను సాయంకాలమున వేటగాడుగాను ఉండెడివాడు.

రెండవ భేదము, వేటగాడు నేర్చిన కూత వానితోనే పోవును. అనువాదకుడు వ్రాసినది ఇతరుల చేతిలో పడును. పడిన తరువాత అది అతని మాట వినదు. పర్లాకిమిడి ప్రాంతమువాడైన పురుషోత్తమ చౌధరి (1803–1890) క్రైస్తవమును స్వీకరించి, దొరల పాటలకు తెలుగుమాటలు అతుకుటతో తృప్తి చెందక, మన కీర్తనల బాణీలో తానే పాటలు కట్టెను. తెలుగు క్రైస్తవులు నేటికిని వానిని పాడుచున్నారు. అట్లే షుల్జ్ వ్యాకరణము పాదిరులకే పరిమితమై పోలేదు. భాషాశాస్త్రజ్ఞులు దానిని త్రవ్వి చూచిరి, తప్పులు దిద్దిరి; 1979లో ఎం. ఇజ్రాయేల్ కువికి క్రొత్త వ్యాకరణమును ప్రకటించెను. రెండు ప్రపంచయుద్ధములలోను జర్మను పాదిరులను ప్రభుత్వము నిర్బంధించినపుడు ఇచ్చటి సంఘములు ఇచ్చటివారి చేతులమీదను, ఇతర మిషనుల సాయముతోను నడిచినవి; 1928లోనే జయపురపు లూథరను సంఘము తన పేరుతో తాను నిలిచినది.

ఇంతమాత్రమున ఉద్దేశము కడిగిన ముత్యమాయెనని నేననను. కొండపల్లెలో పూజ ఒకని సొంతవ్యవహారము కాదు. విత్తు చల్లుట, క్రొత్త మామిడి కొరుకుట, క్రొత్తధాన్యము వండుట, అన్నియు ఊరందరి పాలుతో జరుగు కార్యములు. ఒక యిల్లు చందా మానినచో, డప్పు దగ్గరకు రాకపోయినచో, బంతిలో ఒక విస్తరి తగ్గును. అన్నదమ్ములు మాటాడుకొనరు. ఈ చీలిక బాధను బయటనుండి వచ్చినవాడు తేలికగా తూచును. అది అతని యిల్లు కాదు గదా. 1967లో ఒరిస్సా శాసనసభ బలము, ప్రలోభము, వంచనలచేత మతము మార్చుటను నిషేధించు శాసనమును చేసెను. అట్టి శాసనములు చెల్లునని 1977లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. బలమును, ప్రలోభమును న్యాయస్థానములు కొలువగలవు. వినువానికి ఎదురుచెప్పగల చోటు మిగిలినదా లేదా యను దానిని కొలుచుట వాటి వలన కాదు. మేము అట్లు అనము అని మాటను దిద్దగలిగినవాడు, మేము అట్లు నమ్మము అని మతమును గూర్చియు చెప్పగలిగెనా? చెప్పినపుడు పాదిరి ఆ మాటను, వ్యాకరణపు దిద్దుబాటును విన్నంత శ్రద్ధతో వినెనా? వినినచోట ఆ వచ్చినవానియందు నాకు గౌరవము కలదు. విననిచోట అతని పదకోశము ఎంత లావైనదైనను అది వలయే.

మతము మార్చు తలంపు లేకయే ఈ విద్యార్థిత్వమును వహించిన తెలుగువా డొకడు మన పొరుగుననే ఉండెను. గిడుగు వేంకట రామమూర్తి పంతులు (1863–1940) పర్లాకిమిడిలో బడిపంతులుగా నుండి, అచ్చటి కొండలలోని సవరల భాషను నేర్చుకొనెను. నేర్పు సవరను తన యింటనే ఉంచుకొని భోజనము పెట్టి నేర్చుకొనెను. ఆ కాలమున, ఆ కులములో, అది చిన్నపని కాదు. సవర పిల్లలకు వారి భాషలోనే వాచకములు వ్రాసెను. 1931లో సవరభాషా వ్యాకరణమును, 1938లో నిఘంటువును ప్రకటించెను. కొండలలో తిరిగి మన్యజ్వరము తెచ్చుకొని, దానికై మ్రింగిన కొయినావలన వినికిడిని పోగొట్టుకొనెను. చెవులతో చేయవలసిన పనికై చెవులనే యిచ్చిన మనుష్యుడు! ఆయన పేరు చెప్పగనే మనవారు వ్యావహారికభాషోద్యమమును తలతురు. నోట నున్నదే భాష యను మాటను ఆయన అంత గట్టిగా పట్టుకొనుటలో, లిపియే లేని సవరను ఏండ్లతరబడి విని నేర్చిన అనుభవమును పాలు పంచుకొన్నదని నేననుకొందును. (ఇట్టి వాక్యములను గ్రాంథికపు ధోరణిలో వ్రాయుచు ఆయనను కొనియాడుట చూచి చదువరులు నవ్వుకొనవచ్చును. సంచికల మర్యాద యట్లున్నది.)

కాబట్టి నేర్చుటకు మతమే ప్రేరణ కానక్కరలేదు. అయినను లెక్క చూచుకొన్నచో, ఇన్ని తరములుగా ఈ కొండలలో నివసించిన మన సమూహమునుండి కువికి ఒక వ్యాకరణము రాలేదు. దగ్గరి చుట్టపు భాష. ఇంటిని వారును ఇల్లే యందురు, కన్ను కన్నే, మన చేయి వారికి 'కేయు', అనగా మన చేయికి పూర్వరూపమువంటిది. జర్మనునికి ప్రతిమాటయు రాయి. మనకు సగము దారి ముందే వేసియున్నది. దగ్గరితనమే మనలను మోసగించినదేమో. అర్థమగుచున్నది గదా, నేర్చుటెందులకు అనుకొంటిమి. సంతలో పని జరుగుటకు కావలసిన కువి మనవారికి వచ్చును. చెవియొగ్గి వినినచో అందులో చాలవరకు అంకెలు, కొలతలు, సరకుల పేర్లు, ఆజ్ఞార్థకములు: రా, పో, తే, పెట్టు, ఎప్పుడిచ్చెదవు. ఇట్టి కువిలో తప్పులు దిద్దువాడు లేడు. కోదువాడు దిద్దడు, బాకీ యున్నవాడు షావుకారు వ్యాకరణమును దిద్దునా?

ఆ బాకీల చరిత్ర శాసనములలో ఉన్నది. కొండవారి భూములు పరుల చేతిలోనికి పోవుటను అరికట్టుటకు 1917లో మద్రాసు ప్రభుత్వము ఏజెన్సీ భూబదిలీ శాసనమును చేసెను. అప్పు క్రింద మనిషినే కట్టివేసికొను గోతి పద్ధతిని మాన్పుటకు 1948లో ఒరిస్సాలో నిబంధన వచ్చెను. 1956లో భూబదిలీలపై మరల నిబంధన వచ్చెను. ఒక శాసనము చాలినచో మూడు రావు. ఆ పనులు చేసినవారు తెలుగువారే యని గాని, తెలుగువారందరును చేసిరని గాని నేననను; వడ్డీకి కులభాషాభేదములు లేవు. బడులు పెట్టినవారు, వైద్యము చేసినవారు, కరవులో గింజలు పంచినవారు మనలో లేకపోలేదు. కాని 2009లో నారాయణపట్నమున భూమి విషయమై రేగిన కలతలో ఈ చరిత్రయంతయు ఒక్కమారుగా పైకి వచ్చెను. ఆ నవంబరు 20వ తేదీన ఠాణా యెదుట జరిగిన కాల్పులలో ఇద్దరు కొండవారు మరణించిరి. ఆ దినములలో గిరిజనేతర కుటుంబములు కొన్ని పల్లెలు విడిచి పోయెను. పోయినవారి దుఃఖము దుఃఖమే. చనిపోయినవారి యిండ్లలోని దుఃఖమును దుఃఖమే. ఆ నెలలలో ఒకరి మాట ఒకరికి చేర్చగలవారు, ఇరువైపుల నమ్మకము గలవారు, ఎందరు దొరికిరో పెద్దలకు తెలియును.

పడవలోని ప్రశ్న ఇప్పుడు మన యొడ్డునకు వచ్చినది. మనము 'మన నారాయణపట్నము' అందుము. తెలుగుసంఘపు సభలలో అందుము, పెండ్లిపత్రికలలో వ్రాయుదుము. ఆ 'మన'లో ఎవరున్నారు? పూర్వము ఇంగ్లీషులో వ్రాసిన అర్జీలలో ఈ సందేహమునకు తావులేదు. ఆ భాష దానిని దాచును. తెలుగు దాచనీయదు. కోదువాడు యెదుట నిలిచియుండగా 'మన యూరు' అన్నచో అతనిని కలుపుకొన్నట్లు. అతడు లేనప్పుడు, మనలో మనము, ఆ మాట అనుకొన్నచో సంగతి వేరు. అతని భాషలోను ఆ రెండు మాటలును ఉన్నవి. అతడు మనలను గూర్చి దేనిని వాడునో వినినవారు మనలో కొందరైన ఉండవలెను. వినుటకు కువి రావలెను, అంకెలకు మించిన కువి రావలెను.

జర్మను పాదిరి తన వేదమును తెచ్చుటకై వచ్చి, దారిలో శిష్యుడు కావలసివచ్చెను. అతనికి అక్కర యుండెను గనుక అయ్యెను. మనకు వేదము తెచ్చు అక్కర లేదు. అతడు మోసిన సందిగ్ధమంతయు మనపై లేదు. ఎవరిని మార్చవలెనను తలంపు లేకుండ నేర్చుకొను అవకాశము మనకు ఉన్నది. అది పాదిరికి లేకపోయిన సౌకర్యము.

ఒరిస్సా ప్రభుత్వము 2007 ప్రాంతమున బహుభాషావిద్యను ఆరంభించి, గిరిజన పిల్లలకు వారి భాషలలోనే తొలివాచకములు తయారుచేయించెను. మొదట ఎన్నుకొన్న పది భాషలలో కువి యొకటి. లిపి ఒడియా, మన పిల్లలు ఆ లిపిని బడిలో నేర్చుచునే యున్నారు. అట్టి వాచకము నొకదానిని ఇంటికి తెచ్చి సాయంకాలము చదువ యత్నించిన తెలుగు గృహస్థునకు మొదటి పుట సులువుగానే సాగును. ఇల్లును కన్నును కనబడును. రెండవ పుటలో ఏదో యొక మాటవద్ద ఆగవలసివచ్చును. దానిని చెప్పగలవాడు సంతనాడు చింతపండు గంపతో అతని యంగడి యెదుటనే కూర్చుండి యుండును.